ట్రిస్టన్ డా కున్హా ద్వీపసమూహం వ్యాసాన్ని మెరుగుపరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు వికీపీడియాలోని ఈ వ్యాసంలో మొదట చేయి పెట్టవలసిన చోటు ఏది?

ప్రవేశిక, అంటే వ్యాసం మొదటి పేరా. ఈ దీవుల గురించి ఏ భాషలో రాసినా మొదటి వాక్యంలోనే "ప్రపంచంలోకెల్లా మారుమూలన ఉన్న జనావాసం" అన్న మాట వచ్చి కూర్చుంటుంది, ఆపైన వ్యాసం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఇవి ఎక్కడున్నాయి, ఎవరి పాలనలో ఉన్నాయి, ఎన్ని దీవులు, వాటిలో మనుషులు ఉండేది దేనిలో అన్నవి తెలిశాకే ఆ దూరానికి అర్థం ఏర్పడుతుంది. ప్రవేశిక ఈ విధంగా మొదలైతే సరిపోతుంది:

"ట్రిస్టన్ డా కున్హా దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలోని అగ్నిపర్వత ద్వీపసమూహం. సెయింట్ హెలెనా, అసెన్షన్, ట్రిస్టన్ డా కున్హా అనే బ్రిటిష్ భూభాగంలోని మూడు భాగాలలో ఇది ఒకటి. ఇదే పేరు గల ప్రధాన ద్వీపంలో మాత్రమే శాశ్వత జనావాసం ఉంది. అక్కడి ఏకైక ఊరు ఎడిన్‌బరో ఆఫ్ ది సెవెన్ సీస్."

మారుమూలతనం ఐదో వాక్యంలో రావచ్చు. అప్పటికి అది వట్టి విశేషణంగా ఉండదు, కొలవదగిన సమాచారం అవుతుంది.

ద్వీపసమూహంలో ఏయే దీవులను చేర్చాలి?

ప్రధాన ద్వీపమైన ట్రిస్టన్, దానికి నైరుతిన ఉన్న ఇనాక్సెసిబుల్, నైటింగేల్ దీవులు, ఆగ్నేయ దిశలో సుమారు 400 కిలోమీటర్ల దూరాన ఒంటరిగా ఉన్న గాఫ్ దీవి. నైటింగేల్ పక్కనే ఉన్న మిడిల్, స్టోల్టెన్‌హాఫ్ అనే చిన్న దీవులను నైటింగేల్ దీవులలో భాగంగానే లెక్కిస్తారు. పరిపాలనలో గాఫ్ ఈ సమూహానికే చెందుతుంది గాని, భౌగోళికంగా మిగతా మూడు ఒక గుంపుగా, అది వేరుగా ఉన్నాయి. ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా చెప్పకపోతే, పటంలో గాఫ్ కనిపించక పాఠకుడు తికమకపడతాడు.

వైశాల్యం ఒక్కోచోట ఒక్కో రకంగా కనిపిస్తోంది. ఏ అంకె వేయాలి?

ద్వీపం, ద్వీపసమూహం ఒకే పేరును పంచుకోవడం వల్ల వచ్చే గందరగోళం ఇందులో సగం. ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 98 చదరపు కిలోమీటర్లు. మొత్తం సమూహానికి 207 చదరపు కిలోమీటర్ల అంకె విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఈ రెండూ ఒకే వ్యాసంలో, ఒకటి సమాచారపెట్టెలోను (వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే పట్టిక) మరొకటి భౌగోళికం విభాగంలోను, ఏది దేనిదో చెప్పకుండా కనిపించడం సాధారణం.

మిగతా సగం గాఫ్ దగ్గర ఉంది. గాఫ్ వైశాల్యం యునెస్కో వివరాల ప్రకారం సుమారు 65 చదరపు కిలోమీటర్లు. కొన్ని చోట్ల 91 అని కనిపిస్తుంది. ట్రిస్టన్ 98, ఇనాక్సెసిబుల్ 14, నైటింగేల్ దీవులన్నీ కలిపి నాలుగుకు కాస్త తక్కువ. వీటికి 91 కలిపితే దాదాపు 207 వస్తుంది, 65 కలిపితే 181 దగ్గర ఆగుతుంది. అంటే 207 వేసిన వ్యాసం కింద గాఫ్‌కు 65 అని రాస్తే, వ్యాసం తనను తానే ఖండించుకుంటుంది. విడి అంకెలను, మొత్తాన్ని వేర్వేరు మూలాల నుంచి ఎత్తి రాసినప్పుడు ఇటువంటివి జరుగుతాయి. దీవుల వారీగా ఒక చిన్న పట్టిక పెట్టి, ప్రతి వరుసకు మూలం ఇచ్చి, మొత్తం ఆ పట్టికతో సరిపోతోందో లేదో కూడి చూడాలి. మూలాలు విభేదిస్తే రెండు అంకెలనూ వాటి వాటి మూలాలతో చూపాలే తప్ప, రెండింటికీ మధ్యలో ఒక అంకెను మనం తయారుచేయకూడదు.

"అత్యంత మారుమూల" అన్న మాటను ఎలా రాస్తే ఆక్షేపణ ఉండదు?

దూరాలు చెప్పి, దేని నుంచి కొలిచారో చెప్పి, ఏ అర్థంలో మారుమూలో చెప్పాలి. సెయింట్ హెలెనా ఉత్తర దిశగా 2,400 కిలోమీటర్లకు పైగా ఉంది, కేప్ టౌన్ తూర్పు దిక్కున ఇంచుమించు 2,800 కిలోమీటర్ల దూరంలో ఉంది. స్థిరనివాసులు ఉన్న ప్రదేశాలలో ట్రిస్టన్‌కు అతి సమీపమైనది సెయింట్ హెలెనాయే.

"అతి సమీప జనావాసం" అని ఊరికే రాస్తే మాత్రం ఒక చిక్కు ఉంది. గాఫ్ దీవిలో దక్షిణాఫ్రికా 1956 నుంచి వాతావరణ కేంద్రాన్ని నడుపుతోంది. చిన్న బృందం ఒకటి అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది, బృందం మారుతూ ఉంటుంది. వారు స్థిరనివాసులు కారు, కాని మనుషులే. అందుచేత "శాశ్వత జనాభా గల ప్రదేశాలలో" అన్న విశేషణం ఇక్కడ తప్పనిసరి. అలాగే మనుషులే లేని దీవులలో అత్యంత మారుమూలదిగా చెప్పేది నార్వేకు చెందిన బువే దీవిని. ఈ రెండు వాదనలూ ఒకదానితో ఒకటి పోటీపడేవి కావు, కాని చర్చ పేజీలలో (ప్రతి వ్యాసానికి జతగా, సంపాదకులు మాట్లాడుకునే పేజీ) వీటిని కలిపి వాదించుకోవడం చూస్తూనే ఉంటాం.

దూరాలను మైళ్ళ నుంచి మార్చేటప్పుడు అవి నాటికల్ మైళ్ళో (సముద్రయానంలో వాడే మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) సాధారణ మైళ్ళో చూసుకోవాలి. ఓడల ప్రయాణాలకు సంబంధించిన మూలాలు చాలావరకు నాటికల్ మైళ్ళలోనే ఉంటాయి. 1,300 నాటికల్ మైళ్ళంటే 2,400 కిలోమీటర్లకు పైమాటే. దానిని సాధారణ మైలు లెక్కన 1.6 తో హెచ్చవేస్తే 2,080 వచ్చి, సెయింట్ హెలెనా ఒక్కసారిగా మూడు వందల కిలోమీటర్లకు పైగా దగ్గరికి జరుగుతుంది.

జనాభాను ఎలా రాయాలి?

తేదీతో. జనాభా ఇటీవలి కాలంలో 250 కి లోపే ఉంటోంది. ఇంత చిన్న సమాజంలో ఒకే ఏడాదిలో జరిగిన కొన్ని జననాలు, మరణాలు, చదువుకోసం వెళ్ళిన పిల్లల సంఖ్య కలిసి అంకెను కనిపించేంతగా మారుస్తాయి. "ప్రస్తుత జనాభా" అని రాసిన అంకె రెండేళ్ళలో తప్పవుతుంది, ఫలానా సంవత్సరం ఫలానా నెలనాటికి అని రాసినది ఎప్పటికీ నిజంగానే ఉంటుంది. వైద్యుడు, పరిపాలకుడు, వారి కుటుంబాలు వంటి తాత్కాలిక నివాసులను ఆ అంకెలో కలిపారో లేదో కూడా మూలంలో చూసి పేర్కొనాలి.

ఇది సెయింట్ హెలెనాకు అధీన ప్రాంతమా?

కాదు, ఇప్పుడు కాదు. 1938 లో దీనిని సెయింట్ హెలెనాకు అధీన ప్రాంతంగా చేశారు. 2009 నాటి రాజ్యాంగ ఉత్తర్వుతో ఆ సంబంధం పోయి, సెయింట్ హెలెనా, అసెన్షన్, ట్రిస్టన్ మూడూ ఒకే భూభాగంలో సమాన హోదా గల భాగాలయ్యాయి. గవర్నరు సెయింట్ హెలెనాలో ఉంటాడు, ట్రిస్టన్‌లో ఆయన తరఫున అడ్మినిస్ట్రేటర్ ఉంటాడు. ద్వీప మండలిలో ఎనిమిది మంది ఎన్నికైన సభ్యులు, ముగ్గురు నియమితులు ఉంటారు. ఎన్నికైనవారిలో కనీసం ఒక్కరు స్త్రీ అయి ఉండాలి. దీవివాసుల ప్రతినిధిగా ఎన్నికయ్యే వ్యక్తిని చీఫ్ ఐలాండర్ అంటారు.

పాత విజ్ఞాన సర్వస్వాల నుంచి తెచ్చుకున్న పాఠ్యంలో "అధీన ప్రాంతం" అన్న మాట ఇంకా మిగిలి ఉంటుంది. వ్యాసంలోనే కాక వర్గాలలోను, మూసలలోను (పలు పేజీలలో వాడే సిద్ధ నమూనాలు), వికీడేటా (వికీపీడియాలన్నీ పంచుకునే సమాచార నిధి) అంశంలోను వెతికి సరిచేయాలి. చరిత్ర విభాగంలో 1938–2009 కాలానికి ఆ మాట సరైనదే కాబట్టి అక్కడ దానిని తీసివేయకూడదు.

చరిత్ర విభాగంలో ఎక్కువగా దొర్లే పొరపాట్లు ఏవి?

1506 లో పోర్చుగీసు నావికుడు ట్రిస్టావో డా కున్హా ఈ దీవులను చూశాడు, ప్రధాన ద్వీపానికి తన పేరు పెట్టాడు. ఆయన దిగలేదు. "కనుగొని స్థిరపడ్డారు" అని రాసినచోట రెండో మాట కొట్టేయాలి. నమోదైన మొదటి అవతరణ 1643 లో హేమ్‌స్టెడ్ అనే డచ్చి ఓడకు చెందినవారిది. తొలి స్థిరనివాసం 1810 చివరలో వచ్చిన అమెరికన్ జోనాథన్ లాంబర్ట్‌తో మొదలైంది. ఆయన తనను తాను దీవుల యజమానిగా ప్రకటించుకున్నాడు, 1812 లో సముద్రంలో మునిగి చనిపోయాడు.

1816 ఆగస్టు 14 న బ్రిటన్ ఈ దీవులను స్వాధీనం చేసుకుని సైనిక దళాన్ని దింపింది. సెయింట్ హెలెనాలో బందీగా ఉన్న నెపోలియన్‌ను ఈ దీవులను ఆసరాగా చేసుకుని ఎవరూ తప్పించకూడదన్నది దానికి చెప్పే కారణం. బ్రిటన్, అమెరికాల మధ్య 1812 లో మొదలైన యుద్ధంలో అమెరికన్లు ఈ దీవులను స్థావరంగా వాడుకోవడం మరో కారణంగా చరిత్రకారులు చూపుతారు. చదవడానికి రంజుగా ఉంటుందని నెపోలియన్ కథను మాత్రమే ఉంచి రెండోదాన్ని వదిలేయడం తటస్థత కాదు. 1817 లో దళం వెళ్ళిపోయినప్పుడు విలియం గ్లాస్ అనే కార్పొరల్ కుటుంబంతో సహా ఉండిపోయాడు. ఇప్పటి సమాజానికి మూలం అక్కడుంది, లాంబర్ట్ దగ్గర కాదు. 1827 లో సెయింట్ హెలెనా నుంచి వచ్చిన స్త్రీలు ఆ సమాజానికి రెండో పునాది. స్థాపకుల జాబితాలు మగవారి ఇంటిపేర్లతో ముగిసిపోవడం వల్ల వారి ప్రస్తావన తరచూ జారిపోతుంది.

ఊరి పేరు 1867 లో ఎడిన్‌బరో డ్యూక్ ఆల్‌ఫ్రెడ్ రాకకు గుర్తుగా వచ్చింది. అక్కడివారు మాత్రం తమ ఊరిని "ది సెటిల్‌మెంట్" అనే అంటారు.

1961 అగ్నిపర్వత విస్ఫోటనానికి ఎంత చోటు ఇవ్వాలి?

ప్రత్యేక ఉపవిభాగం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. ఈ దీవుల గురించి బయటి ప్రపంచం దగ్గర విస్తారంగా, నమ్మదగిన రికార్డులున్న ఘట్టం ఇదే.

1961 ఆగస్టు నుంచి భూకంపాలు వచ్చాయి. అక్టోబరులో ఊరికి అతి సమీపంలో నేల చీలి లావా పైకి వచ్చింది. 264 మంది పడవలలో మొదట నైటింగేల్ చేరి, అక్కడి నుంచి ఓడలో కేప్ టౌన్‌కు, తరువాత బ్రిటన్‌కు వెళ్ళారు. వారికి సౌతాంప్టన్ దగ్గర కాల్‌షాట్‌లో వసతి ఏర్పాటైంది. 1962 లో బ్రిటన్ విజ్ఞాన సంస్థ అయిన రాయల్ సొసైటీ పంపిన శాస్త్రవేత్తల బృందం ద్వీపాన్ని పరిశీలించి, ఊరు చాలావరకు చెక్కుచెదరలేదని తెలిపింది. లావా కింద పోయినవి లాబ్‌స్టర్లను (రొయ్యల వంటి పెద్ద సముద్రజీవులు) ఎగుమతికి సిద్ధం చేసే కర్మాగారం, పడవలు దిగే తీరం. తిరిగి వెళ్ళాలా వద్దా అన్నదానిపై జరిగిన ఓటింగులో 148 మంది వెళ్దామన్నారు, ఐదుగురు వద్దన్నారు. 1963 లో అత్యధికులు వెనుదిరిగి వచ్చారు.

ఇక్కడ సరిచూడవలసినవి రెండు. "ఊరు నాశనమైంది" అన్న వాక్యం ఉంటే తీసివేయాలి. "అందరూ తిరిగి వచ్చారు" అన్నది కూడా తప్పే, కొందరు బ్రిటన్‌లోనే ఉండిపోయారు. ఇప్పటి చిన్న నౌకాశ్రయానికి కాల్‌షాట్ అని పేరు ఎందుకు వచ్చిందో ఈ విభాగంలోనే చెబితే పాఠకుడికి మరోచోట వెతుక్కునే పని ఉండదు.

సమాజం, జీవనోపాధి విభాగం పలచగా ఉంది. ఏమేం చేర్చవచ్చు?

నన్నడిగితే ఈ వ్యాసం బాగుపడడానికి అసలైన అవకాశం ఇక్కడే ఉంది. భూమి సమష్టి ఆస్తి. బయటివారు కొనడానికి గాని స్థిరపడడానికి గాని వీలులేదు. ఒక్కో కుటుంబం ఎన్ని పశువులను పెంచవచ్చో పరిమితి ఉంది, లేకపోతే ఉన్న కాస్త పచ్చిక బయలు తట్టుకోదు. ఊరికి పశ్చిమాన కొన్ని కిలోమీటర్ల దూరంలో పాచెస్ అనే చోట, గాలి తాకకుండా రాతిగోడలు కట్టిన చిన్న చిన్న మడులలో, ఇంటింటివారు బంగాళాదుంపలు పండిస్తారు. బయటి నుంచి డబ్బు తెచ్చేది ప్రధానంగా లాబ్‌స్టర్ల ఎగుమతి, ఆ తరువాత తపాలా బిళ్ళలు. 2008 లో కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయాక కొత్తది కట్టుకోవలసి వచ్చిన సంగతిని ఈ సందర్భంలో చెబితే, ఒకే ఆదాయ మార్గం మీద ఆధారపడడం ఎటువంటిదో వివరణ లేకుండానే తెలుస్తుంది.

రవాణాను కూడా ఇక్కడే కలపవచ్చు. విమానాశ్రయం లేదు. కేప్ టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం పడుతుంది, అలలు పెద్దగా ఉంటే ఓడ చేరినా దిగడానికి రోజుల తరబడి ఆగవలసి రావచ్చు. సందర్శకులు ద్వీప మండలి అనుమతి ముందుగా తీసుకోవాలి. 2005 లో దీవికి బ్రిటిష్ పద్ధతిలో పోస్టుకోడు ఇచ్చారు. ఇది చిన్న సంగతే, కాని సరుకులు తెప్పించుకోవడంలో దాని ఉపయోగం చెప్పకుండా వింతగా మాత్రం రాయకూడదు.

ఇంటిపేర్లు, వంశాలు, ఆరోగ్యం గురించి రాయవచ్చా?

గ్లాస్, స్వెయిన్, గ్రీన్, రోజర్స్, హేగన్, రెపెట్టో, లావరెల్లో అనే ఏడు ఇంటిపేర్లు చరిత్రలో నమోదైనవి, రాయవచ్చు. చివరి రెండూ 1892 లో ఇటాలియా అనే ఓడ పగిలిపోయినప్పుడు ఉండిపోయిన ఇద్దరు ఇటాలియన్ నావికులవి. కొద్దిమంది స్థాపకుల నుంచి వచ్చిన జనాభా కావడం చేత ఇక్కడ ఉబ్బసం ఎక్కువగా ఉందని వైద్య పరిశోధనలు జరిగాయి. వాటిని వైద్య పత్రికల మూలంతో, అవి తేల్చినంతమేరకే రాయాలి.

హద్దు దాటేది ఆ తరువాత. రెండు వందల పైచిలుకు మంది ఉన్నచోట "ఒక కుటుంబంలో" అని రాసినా ఆ కుటుంబం ఏదో అక్కడ అందరికీ తెలుస్తుంది. జీవించి ఉన్నవారి వివాహాలు, బంధుత్వాలు, జబ్బులు ఏ పత్రికలో వచ్చినా ఇక్కడికి తేవలసిన అవసరం లేదు. పదవిలో ఉన్నవారి పేరు, పదవీకాలం వరకు చాలు. దీవివాసులను వింత మనుషులుగా, కాలం ఆగిపోయినచోట బతుకుతున్నవారుగా చూపే వర్ణనలన్నీ పాత ప్రయాణ కథనాల నుంచి వచ్చినవి. వాటిని ఉటంకించవలసి వస్తే, ఎవరు ఎప్పుడు అన్నారో చెప్పి ఉటంకించాలి గాని వ్యాసం సొంత గొంతుతో అనకూడదు.

జీవజాలం విభాగంలో ఏది ఏ దీవికి చెందినదో ఎలా తేల్చుకోవాలి?

ప్రతి జీవికీ దీవి పేరు జతచేయాలి, మరో దారి లేదు. ఇనాక్సెసిబుల్ రైల్ అనే పక్షి, ఎగరలేని పక్షులలో ఇప్పుడున్న వాటిలోకెల్లా చిన్నది, ఇనాక్సెసిబుల్ దీవిలో మాత్రమే ఉంది. ట్రిస్టన్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి పేరులో ట్రిస్టన్ ఉన్నా, అది పిల్లలు చేసేది దాదాపు పూర్తిగా గాఫ్ దీవిలోనే. ఈ ఒక్క పేరు వల్ల ఎన్ని వ్యాసాలు తప్పుదారి పట్టాయో చెప్పలేం. ప్రపంచ వారసత్వ హోదా కూడా ప్రధాన ద్వీపానిది కాదు. 1995 లో గాఫ్‌కు వచ్చింది, 2004 లో ఇనాక్సెసిబుల్‌ను అందులో చేర్చారు.

కాలంతో మారే సంగతులు ఇక్కడ చాలా ఉన్నాయి. మనుషుల ఓడలతో వచ్చిన ఎలుకలు గాఫ్‌లో ఆల్బట్రాస్ పిల్లలను బతికి ఉండగానే కొరికి చంపుతున్నాయి. వాటిని పూర్తిగా తొలగించడానికి 2021 లో భారీ ప్రయత్నం జరిగింది. ఆ ఏడాది చివరలోనే బతికి ఉన్న ఎలుక కనిపించడంతో ప్రయత్నం ఫలించలేదని తేలింది. ప్రయత్నం మొదలైనప్పటి వార్తల ఆధారంగా "ఎలుకలను నిర్మూలించారు" అని రాసినవి ఉంటే మార్చాలి. 2011 మార్చిలో ఎం.ఎస్. ఒలివా అనే సరుకు ఓడ నైటింగేల్ రాళ్ళకు గుద్దుకుని, చమురు కారి, రాక్‌హాపర్ పెంగ్విన్లు వేల సంఖ్యలో తడిసిపోయిన సంఘటనకు ఒక పేరా సరిపోతుంది. 2020 నవంబరులో ప్రకటించిన సముద్ర సంరక్షణ మండలం విస్తీర్ణం 6,87,247 చదరపు కిలోమీటర్లు. సమాచారపెట్టెలోని భూ విస్తీర్ణంతో దీనిని కలపకూడదు.

ఆంగ్ల వ్యాసాన్ని అనువదించి పెట్టవచ్చా?

లైసెన్సు అనుమతిస్తుంది. దిద్దుబాటు సారాంశంలో (మార్పును భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణ) మూల వ్యాసం పేరు, లింకు ఇవ్వాలి. అయితే అక్కడి మూలాలను తెరిచి చూడకుండా ఇక్కడ అతికిస్తే, అక్కడి తప్పులకు కూడా మనం పూచీ పడినట్లే. యాంత్రిక అనువాదాన్ని ప్రయోగశాలలో (వికీలో సంపాదకుడి సొంత చిత్తుపేజీ) పెట్టుకుని, వాక్యం వాక్యం తిరగరాసి, ఆ తరువాతే వ్యాసంలోకి తేవాలి.

ఏ మూలాలను నమ్మవచ్చు?

దీవి ప్రభుత్వం, ట్రిస్టన్ డా కున్హా అసోసియేషన్ కలిసి నడిపే అధికారిక వెబ్‌సైటు జనాభా, ఓడల రాకపోకలు, మండలి సభ్యుల వంటి వాటికి మంచి ఆధారం. తనను తాను పొగుడుకునే విషయాలకు స్వతంత్ర మూలం వెతకాలి. ప్రకృతి, భూగర్భ విషయాలకు 1937–38 నార్వే శాస్త్రీయ యాత్ర, 1962 రాయల్ సొసైటీ యాత్ర ప్రచురణలు గట్టివి. రాజ్యాంగ హోదాకు 2009 ఉత్తర్వు పాఠమే ఆధారం. "ప్రపంచంలోని పది వింత ఊళ్ళు" తరహా కథనాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కాబట్టి, ఐదు కథనాలలో ఒకే అంకె కనిపించినంత మాత్రాన ఐదు ఆధారాలు దొరికినట్లు కాదు.

నేను స్వయంగా అక్కడికి వెళ్ళి వచ్చాను. చూసింది రాయవచ్చా?

రాయకూడదు, ప్రచురితమైన మూలం ఉంటే తప్ప. తీసిన ఫొటోలను మాత్రం స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్ అనే ఉచిత చిత్రాల నిధిలో ఎక్కించండి. వ్యాసానికి అంతకంటే పెద్ద సాయం లేదు. ఏ దీవి, ఏ వైపు, ఏ నెల అన్నది వివరణలో రాయాలి, ఎందుకంటే మబ్బు కమ్మిన కొండ అంచు ఫొటో ఏ దీవిదైనా కావచ్చు. ప్రజల ముఖాలు స్పష్టంగా కనిపించే ఫొటోలకు వారి అనుమతి ఉండాలి. కొత్త తపాలా బిళ్ళలను స్కాన్ చేసినది మీరే అయినా, బొమ్మపై హక్కు మీది కాదు.

మూలం దొరకని వాక్యాన్ని వెంటనే తీసేయాలా?

జీవించి ఉన్న వ్యక్తుల గురించైతే వెంటనే. మిగతావాటికి మూలం కావాలన్న మూస పెట్టి, చర్చ పేజీలో అడిగి, కొన్ని వారాలు ఆగడం మర్యాద.

ఒకసారి మెరుగుపరిచాక మళ్ళీ ఎప్పుడు చూడాలి?

ఏడాదికి ఒకసారి జనాభా, అడ్మినిస్ట్రేటర్, చీఫ్ ఐలాండర్ పేర్లు, వచ్చి పోయే ఓడల పేర్లు. ద్వీప మండలి ఎన్నికలు జరిగినప్పుడు ఒకసారి. గాఫ్ ఎలుకల గురించి, ఆల్బట్రాస్‌ల సంఖ్య గురించి కొత్త నివేదిక వచ్చినప్పుడు ఆ పేరా వరకు. భౌగోళికం, 1961 కి ముందు చరిత్ర ఒకసారి మంచి మూలాలతో కుదిరాక వాటిని కదిలించవలసిన పని అరుదుగా వస్తుంది. ప్రతి సవరణలోను తేదీ ఉన్న వాక్యాన్ని కొత్త తేదీతో మార్చి, పాత అంకెను అవసరమైతే చరిత్రలోకి పంపాలి. సమాచారపెట్టెలో మార్చింది ప్రవేశికలో మార్చడం మరిచిపోవద్దు. జనాభా అంకె సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది.